మలుపులో ఒక్క క్షణం

తొమ్మిదోసారి బోల్తా పడ్డాక మా ఇద్దరికీ తిట్టుకునే ఓపిక కూడా మిగల్లేదు. రెస్క్యూ బోటు నడిపేది పడవలో నా జోడీ అమ్మాయి వాళ్ళ నాన్నే; మమ్మల్ని ఒడ్డున దింపి వెళ్ళిపోయారు.

మాది స్కిఫ్. ఇద్దరు నడిపే రేసు పడవ. బరువు తక్కువ, తెరచాప ఎక్కువ. నేను చుక్కాని పట్టుకుంటాను. ఆమె తెరచాపని నిలబెట్టే మాస్టు నుంచి వచ్చే తీగని నడుముకు తగిలించుకుని, అంచుమీద నిలబడి నీళ్ళపైకి వెల్లకిలా వాలుతుంది. ఆ బరువుతోనే పడవ ఒరగకుండా ఉంటుంది. మలుపుకి గుర్తుగా నీళ్ళలో తేలే బోయ్ దగ్గర పడవ తిప్పేటప్పుడు మాత్రం ఒక్క క్షణం తటపటాయించినా అంతే సంగతులు. ఈ సీజనంతా మేం పడింది అక్కడే.

షెడ్డులో తడి తాళ్ళు చుడుతూ ఆమె అంది, "వేరే టీమ్ వాళ్ళు పిలిచారు. రేపు ఆఖరి రేసు. రేపూ పడ్డామంటే వెళ్ళిపోతా."

"వెళ్ళు. నిన్నెవరు ఆపారు?"

"అదిగో, ఆ పౌరుషానికేం తక్కువ లేదు! నిజం చెప్పు. మలుపులో నీ చెయ్యి ఎందుకాగుతోంది? పోయినేడాది ఇలా లేవుగా."

చెప్పకూడదనుకున్నాను. కానీ అలసిపోయినవాడికి అబద్ధం కూడా బరువే.

"పోయినేడాది ఆఖర్లో అక్కడే నీ తల మాస్టుకి కొట్టుకుంది. ఆరు కుట్లు. అప్పట్నుంచి తిప్పేముందు ఒకసారి నీ వైపు చూస్తున్నా."

"రేసులో తెరచాపని చూడకుండా నన్ను చూస్తున్నావా?"

"నువ్వంటే ఇష్టం. ఏం చెయ్యను మరి?"

ఆమె చుట్టిన తాడునే విప్పి మళ్ళీ చుట్టింది.

"రేపు చుక్కాని నాది. తీగమీద నువ్వు. నాకలాంటి జబ్బులేం లేవు."

మర్నాడు బోయ్ దాకా మూడో స్థానంలో ఉన్నాం. నేను బాగా వెనక్కి వాలాను. ఆమె చుక్కాని లాగబోతూ నా వైపు చూసింది. ఒక్క క్షణమే.

పదోసారి బోల్తా.

తేలి, పడవ అంచు దొరకబుచ్చుకుని అడిగాను, "ఎందుకాగావ్?"

"నోర్ముయ్." ఆమె మొహం ఎర్రబడింది.

"ఇంతకీ వెళ్తావా?"

"వెళ్ళను. అక్కడ చూడ్డానికెవరున్నారు?"

రెస్క్యూ బోటు వచ్చింది. వాళ్ళ నాన్న మా ఇద్దరినీ, నీళ్ళపైన తేలుతున్న మా చేతులనీ మార్చి మార్చి చూశారు.

"చేతులు తర్వాత తీరిగ్గా పట్టుకోవచ్చు," అని అరిచారు, "ముందు పడవ పట్టుకోండి!"