నెలవంక కనిపించేలోపు

"రేపు మీ న్యూ ఇయర్. మంచి రోజు. రేపొచ్చి మీ అబ్బాను అడుగుతా," అన్నాడు సుదర్శన్, చాలా తెలివైన ప్లాన్ వేసినట్టు.

ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చున్న సకీనా చటుక్కున లేచింది. "రేపా? పాగల్ అయినవా?"

ఇద్దరూ ఎం.ఏ. హిస్టరీ. మూడు నెలలుగా సుదర్శన్ మంచి రోజు కోసం చూస్తున్నాడు. వాళ్లింట్లో శుభవార్త ఏదైనా ఉగాదికే బయటపెడతారు. ఫోన్ క్యాలెండర్లో 'ఇస్లామిక్ న్యూ ఇయర్' అని కనబడగానే అబ్బాయి కొత్త చొక్కా కూడా కొనేశాడు.

"మా కొత్త సాల్ మీ ఉగాది లెక్క కాదు. మొదటి నెలే ముహర్రం. కర్బలా యుద్ధంల ఇమామ్ హుసేన్ ప్రాణమిచ్చి షహీదైన నెల. ఇయాల పొద్దుగూకి చాంద్, నెలవంక కనబడంగనే మా షియా ఇండ్లల్ల నల్లబట్టలే. రెండు నెలల ఎనిమిది రోజులు పెండ్లి మాటెత్తరు. అందుకే నాకు లక్నో నుంచి వచ్చిన సంబంధానికి అబ్బా ఇయాల్నే జవాబు చెప్తనన్నడు!"

"ముందే చెప్పొద్దా?"

"పీర్ల పండుగల ఎగిరేటోనివి, నీకు తెల్వదా?"

అతనికి తెలిసిన పీర్ల పండుగ, ఈ న్యూ ఇయర్ ఒకే నెలలో వస్తాయని ఇప్పుడే వెలిగింది.

ఇద్దరూ ఎక్కగానే బైక్ సకీనా ఇల్లున్న తార్నాక వైపు దూసుకెళ్లింది. సన్నగా తుంపర మొదలైంది. ఇంకో రోజైతే అద్దంలో ఆమెను చూస్తూ దారి తప్పేవాడు. ఇవాళ సిగ్నల్ పడితే ఇద్దరికీ ప్రాణం పోయినంత పనైంది.

సకీనా తండ్రి జాఫర్ హుస్సేన్ డాబా మీద ఉన్నాడు. రైల్వేలో ఆఫీసరు. చేతిలో ఫోన్, చూపు పడమటి మబ్బుల మీద.

"అబ్బా, లక్నోకు ఫోన్ చేసినవా?"

"చెయ్యబోతున్న. ఎవరీ అబ్బాయి?"

సుదర్శన్ ఆయన ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. వెంటనే చెప్పేశాడు. "సకీనాను పెండ్లి చేసుకుంటా అంకుల్."

ఆయన ఫోన్ దించి అతణ్ణి ఎగాదిగా చూశాడు. "హిస్టరీ చదువుతవు గదా. మా సాల్ ఏడికెల్లి లెక్కపెడతరు?"

"హిజ్రత్ నుంచి. ప్రవక్త మక్కా విడిచి మదీనాకు వెళ్లిన ఏడాది నుంచి."

"పుట్టుక నుంచి కాదు, గెలుపు నుంచి కాదు. ఇల్లు విడిచిన కాడినుంచి. అట్ల పోయినోళ్లకు మదీనావాళ్లు తలుపులు తీసిన్రు. నా బిడ్డొస్తే మీ ఇంట్ల తీస్తరా?"

తీస్తారని ఒక్క మాట అంటే సరిపోయేది. సకీనా కళ్లు అతని మీదే ఉన్నాయి.

"అమ్మకింకా చెప్పలే అంకుల్. భయమైంది."

సకీనా తల దించుకుంది. అంతలో పక్క డాబా మీద ఎవరో కేకేశారు, "చాంద్!" మబ్బుల సందులో సన్నటి గీత.

జాఫర్ హుస్సేన్ దానివైపు చూసి చేతులెత్తి దువా చేశాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఇగ ఈ ఇంట్ల పెండ్లి మాట లేదు."

సకీనా కళ్లలో నీళ్లు తిరిగాయి.

మెట్ల దగ్గర ఆయన ఆగాడు. "లక్నోవాళ్లకు గూడ లేదు. ఈ రెండు నెలలు దాటినంక మీ అమ్మను తోలుకొని రా. అబద్ధం చెప్పలే కాబట్టి రమ్మంటున్న."

సకీనా చున్నీలో ముఖం దాచుకుని ఏడ్చింది. ఈసారి సంతోషంతోనే.

సుదర్శన్ వీధిలోకొచ్చి, వానలో నిలబడే ఊళ్లో ఉన్న అమ్మ పోచమ్మకు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఒక పిల్లను ప్రేమించిన. పేరు సకీనా."

పెట్టేసిందేమోనని ఫోన్ చూసుకున్నాడు. లేదు, పోచమ్మ లైన్లోనే ఉంది.

"మనింట్ల తింటదారా?" అంది చివరికి. "ఏం తింటదో అడిగి చెప్పు."