నాన్న ఫోన్‌లో నాలుగు మూలలు

"టైమెంతయిందే?"

తండ్రి ఆ మాట అడగడం ఆ ఉదయం అది మూడోసారి. జడ అల్లుకుంటున్న బుల్లికి చిర్రెత్తుకొచ్చింది.

"ఎదురుగా గోడకి పళ్ళెమంత గడియారం ఉంది కదా నాన్నా. కాస్త తలెత్తి చూడొచ్చుగా?"

ఆయన తలెత్తాడు. కానీ చూసింది గడియారం వైపు కాదు, దాని పక్కనున్న కిటికీ వైపు. "అవునవును, వేళయింది" అని గొణుక్కుంటూ బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టాడు.

ఆయన స్కూలు బస్సు డ్రైవరు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే స్కూలు, దాదాపు అదే రూటు. ఇన్నేళ్ళలో బస్సుకి చిన్న గీత కూడా పడలేదని ఆయన గొప్ప. చుట్టాలెవరొచ్చినా ఆ మాట రెండుసార్లు వినకుండా తిరిగి వెళ్ళలేదు. ఆరు నెలల కిందట తల్లి కూడా అదే బస్సులో ఆయాగా చేరింది. ముప్ఫై ఏళ్ళు గడప దాటని మనిషి, యాభై దాటాక ఉద్యోగమంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. "ఇంట్లో గోడలు చూసి చూసి మొహం మొత్తిందే" అని ఆవిడ కూడా నవ్వేసింది.

బుల్లి పనిచేసేది ఫోన్ల షాపులో. ఐఫోన్ కొనాలా, ఆండ్రాయిడ్ కొనాలా అని రోజుకి పాతికమంది అడుగుతారు. ఎవరి అవసరమేమిటో అడిగి, ఎవరికి ఏది నప్పుతుందో విడమరిచి చెప్పడంలో ఆ షాపులో బుల్లి తర్వాతే ఎవరైనా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. బుల్లి రచ్చ గెలిచింది గానీ ఇంట్లో ఓడిపోయింది. తల్లి చేతికి ఐఫోన్ వచ్చి ఏడాదయింది. తండ్రి మాత్రం గీతలు పడ్డ పాత ఆండ్రాయిడ్‌నే పట్టుకు వేలాడుతున్నాడు. పోయిన వారం ఆయన పుట్టినరోజుకి, షాపులో తక్కువకి వచ్చిన పాత మోడల్ ఐఫోన్ ఒకటి ముచ్చటపడి తెచ్చింది. "బాగుంది తల్లీ" అన్నాడు ఆయన, కిటికీ వైపు చూస్తూనే.

ఇప్పుడు దువ్వెన పెట్టడానికి సొరుగు లాగితే ఆ ఫోన్ డబ్బాతో సహా కనబడింది. మీద అంటించిన కాగితం కూడా ఊడలేదు.

"ఇదేంటి నాన్నా? వారమైంది. ఒక్కసారి కూడా తెరవలేదా?"

"తెరుస్తాలే. తొందరేముంది?"

"పాతదానికి బ్యాటరీ మధ్యాహ్నానికే చచ్చిపోతోంది. పిల్లల్ని తిప్పే మనిషివి. దారిలో ఏదైనా అయితే ఎవరికి చెప్తావు?"

"నాకు దాంతోనే అలవాటే."

"అలవాటు మూడు రోజుల్లో అవుతుంది. అమ్మకి కాలేదూ?"

"మీ అమ్మ వేరు, నేను వేరు. నన్నొదిలెయ్."

పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం ఆయన. బుల్లికి ఫోన్ కన్నా పెద్ద కడుపుమంట ఇంకొకటుంది. ఏడాది కిందట ఆమె టీచరు చదువు మధ్యలో మానేసి షాపులో చేరింది. తన స్కూల్లోనే కూతురు పాఠాలు చెప్పాలని ఆయన ఎన్నో కలలు కన్నాడు. ఆ రోజు ఒక్క మాటా అనలేదు. కానీ అప్పట్నుంచి ఆమె మొహం చూసి మాట్లాడింది లేదు. ఏం అడిగినా తలుపుతోనో, కిటికీతోనో జవాబు చెబుతాడు.

"నేను తెచ్చాననే కదా ముట్టుకోవట్లేదు?" అంది బుల్లి. "షాపు పిల్ల ఇచ్చింది నీకు పనికిరాదు. అంతేగా?"

"ఛ, అవేం మాటలే!" అంది తల్లి కంగారుగా.

బల్లమీద పాత ఫోన్ ఉంది. బుల్లి దాన్నీ, సొరుగులోని కొత్తదాని డబ్బానీ తీసి బ్యాగులో వేసుకుంది.

"ఇందులోవన్నీ కొత్తదాంట్లోకి మార్చి సాయంత్రం తెస్తాను. ఇవాళ్టికి అమ్మ ఫోన్ ఉంది కదా, సరిపెట్టుకోండి."

"ఇవ్వవే! దాన్ని ఏమీ చెయ్యకు. ఇలా ఇచ్చెయ్!" ఆయన చెయ్యి చాచాడు. బ్యాగు ఎడమ భుజానికి ఉంటే ఆ చెయ్యి కుడివైపు గాలిలో తడిమింది. బుల్లి అది చూసి కూడా అర్థం చేసుకోకుండా మెట్లు దిగిపోయింది. కోపంలో ఉన్నవాళ్ళకి కళ్ళుండీ లేనట్టే.

షాపులో మధ్యాహ్నం దాకా ఊపిరి సలపలేదు. రెండు దాటాక తీరిక చిక్కి, రెండు ఫోన్లూ పక్కపక్కనే పెట్టుకుంది. పాతదానికి తాళం కూడా లేదు. తెరిచి చూసి తెల్లబోయింది.

తెరంతా ఖాళీ. నాలుగు మూలల్లో నాలుగు గుర్తులు మాత్రం ఉన్నాయి. పైన ఎడమ మూలలో తల్లి నంబరు, కుడి మూలలో తనది. కింద ఎడమ మూలలో స్కూల్లో బస్సులు చూసే ఇన్‌ఛార్జి సారుది, కుడి మూలలో టార్చిలైటు. వేలు పెడితే చాలు, కాల్ వెళ్ళిపోతుంది. ఇంకేమీ లేవు.

మార్చడం పూర్తయ్యేసరికి ఐఫోన్‌లో అన్నీ పైనుంచి బుద్ధిగా వరుస కట్టాయి. ఆ మోడల్‌లో ఏ గుర్తునైనా కిందికి లాగితే మళ్ళీ పైకే పోయి వరసలో నిలబడుతుంది. మూలలో ఉండమంటే ఉండదు. నాన్న ఎందుకలా పెట్టుకున్నాడబ్బా అనుకుంటూ బుల్లి తలగోక్కుంది.

అప్పుడు గుర్తొచ్చింది. రెండు నెలల కిందట ఒక పెద్దావిడ నల్లకళ్ళద్దాలతో వచ్చి, ఫోన్ కొని, తన చేతే అచ్చం ఇలాగే పెట్టించుకుంది. "మూలల్లో పెట్టమ్మా. మధ్యలోవి నాకు దొరకవు. మూలలైతే గోడ పట్టుకుని నడిచినట్టు వేలికి దొరుకుతాయి" అంది. ఆవిడకి చూపు లేదు.

టైమెంతయిందే అని అస్తమానం అడగడం. మొహం తప్పించి మాట్లాడటం. పొద్దున గాలిలో తడిమిన చెయ్యి. ఆరు నెలల కిందట ఉన్నట్టుండి ఆయాగా చేరిన అమ్మ. ఒకదాని తర్వాత ఒకటి గుండెల్లో పడుతుంటే బుల్లి గోడ గడియారం వైపు చూసింది. మూడు కావస్తోంది. మూడుంబావుకి స్కూలు వదులుతారు. ఆ బస్సులో ముప్ఫై రెండు మంది పిల్లలు.

తల్లికి నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. బస్సు ఎక్కితే ఆవిడ ఫోన్ సంచీలోంచి తీయదు. ఇన్‌ఛార్జి సారుకి చెప్పడానికి వేలు ఆ మూల దాకా వెళ్ళి ఆగింది, వట్టి అనుమానానికి నాన్న ఉద్యోగం పోతుందని. బుల్లి ఫోన్లు బ్యాగులో పడేసుకుని, యజమానికి చెప్పీ చెప్పకుండానే పరుగెత్తింది. స్కూలు చేరేసరికి బస్సు వెళ్ళిపోయింది. అడ్డదారిన పడి మొదటి స్టాపులో అందుకుని, ఆయాసపడుతూ ఎక్కింది.

"నువ్వేంటే ఇక్కడ?" అంది తల్లి తెల్లబోయి.

పిల్లలందరి ముందూ బుల్లి ఏమని అడుగుతుంది? ఖాళీగా ఉన్న సీట్లో కూలబడింది. బస్సు కదిలింది. తల్లి డ్రైవరు వెనక సీట్లో ముందుకు వంగి కూర్చుని, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంటోంది. "ఎడమ పక్క సైకిలు. ముందు కారు ఆగింది. ఎర్ర లైటు."

"ఎర్ర లైటూ!" అని పిల్లలందరూ కోరస్‌గా అరిచి కిలకిలా నవ్వారు. వాళ్ళకది రోజూ ఆడే ఆట.

రెండో స్టాపు వచ్చింది. ఎర్ర రిబ్బన్లు కట్టిన రెండు జడల చిన్నపిల్ల ఒకతె దిగింది. రోజూ అయితే బుల్లి తల్లి కూడా దిగి, పిల్లని రోడ్డు దాటించి, మళ్ళీ ఎక్కి తలుపు వేస్తుంది. ఆ తలుపు చప్పుడే బండి కదపడానికి ఆయనకి గుర్తు. బుల్లి లేచొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నాన్నకి కళ్ళు కనబడవు కదూ?"

తల్లి మొహంలో నెత్తురు చుక్క లేదు. మెట్టు మీదే నిలబడిపోయింది. ఏం చేస్తోందో తెలియకుండానే అలవాటు కొద్దీ చేత్తో తలుపు లాగింది. టప్‌మని చప్పుడయింది. బస్సు కదిలింది.

ముందు అద్దంలోంచి బుల్లికి ఎర్ర రిబ్బను కనబడింది. పిల్ల చేతిలోంచి జారిన నీళ్ళ సీసా బస్సు ముందుకి దొర్లితే, దానికోసం సరిగ్గా ఎదురుగా వంగింది.

"నాన్నా! ఆపు! ఆపు!"

బ్రేకు పడింది. సీట్లలో పిల్లలు ముందుకి తూలారు. బుల్లి ఎలా దిగిందో ఆమెకే తెలియదు. బంపరుకి జానెడు దూరంలో ఆ పిల్ల సీసా మూత బిగించుకుంటూ నిలబడి ఉంది. "టాటా ఆంటీ" అంది. బుల్లి ఆ పిల్లని గుండెలకి హత్తుకుని నడిరోడ్డు మీద కూర్చుండిపోయింది.

పిల్లని వాళ్ళ గుమ్మం దాకా దింపి తిరిగి వచ్చేసరికి తండ్రి స్టీరింగు మీద రెండు చేతులూ వేసి అలాగే ఉన్నాడు.

"ఏమైందే? ఎవరికైనా..." అన్నాడు. ఏం జరిగిందో ఆయన చూడనేలేదు.

"ఎవరికీ ఏం కాలేదు." బుల్లి బ్యాగులోంచి పాత ఫోన్ తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

ఆయన బొటనవేలు దానంతటదే కింద ఎడమ మూలకి పోయింది. "సార్, ఇంకో డ్రైవర్ని పంపండి. బండి రెండో స్టాపులో ఉంది. లేదు సార్, బండి బాగానే ఉంది. నాకే కళ్ళు కనబడట్లేదు." కాసేపు ఆగాడు. "ఇవాళ్టి నుంచి కాదు సార్. ఏడాదయింది."

వేరే బస్సు వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోయింది. ఖాళీ బస్సులో ముగ్గురే మిగిలారు. అప్పుడు బుల్లికి దుఃఖమంతా కోపమై తన్నుకొచ్చింది.

"ముప్ఫై రెండు మంది పిల్లలమ్మా! నీకు చేతులెలా ఆడాయి?"

"నేను చూస్తున్నా కదా అనుకున్నానే. నా కళ్ళు ఆయన కళ్ళు కావూ అనుకున్నా." తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ అమ్మనేమీ అనకు. వద్దు వద్దని ఏడ్చింది. నేనే వినలేదు" అన్నాడు తండ్రి. "డాక్టరు బాగవదన్నాడు. నడిమధ్యలో మచ్చట, ఆరు నెలల కిందట బాగా పెరిగిపోయింది. పక్కలు కనబడతాయి, ఎదురుగా ఉన్నదే కనబడదు. స్కూల్లో కళ్ళ పరీక్ష పెడితే, లైన్లో నా ముందువాళ్ళు చదివేది విని అక్షరాలు అప్పచెప్పేశాను. ఇంకొక్క ఏడాది గడిస్తే రిటైరైపోదును కదా అని ఆశ. డ్రైవరంటే పలుకుతాను. అది తీసేస్తే నన్నేమని పిలుస్తారే?"

"ఆ పిల్లకేమన్నా అయ్యుంటే నిన్ను ఏమని పిలిచేవాళ్ళు నాన్నా?"

ఆయన తల వంచుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ గొప్పంతా ఒక నీళ్ళ సీసా ముందు నీరుగారిపోయింది.

"కనీసం నాకు చెప్పాల్సింది" అంది బుల్లి.

"నీ మొహమే కనబడట్లేదని నీకెలా చెప్పనే?"

బుల్లి వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది.

"ఎదురుగా చూస్తే నీ మొహమున్న చోట మసి ఉంటుంది" అన్నాడు ఆయన. "కాస్త పక్కకి చూస్తే అంచున కొంచెం కనబడతావు. అందుకే కిటికీ వైపు చూసేవాణ్ణి."

"చదువు మానేశానని నా మీద కోపమనుకున్నాను నాన్నా. ఏడాదంతా అదే అనుకున్నాను." బుల్లి ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన చెయ్యి ఈసారి తడుముకోకుండానే ఆమె తల మీద వాలింది. తల్లి వెళ్ళి ఇంజను తాళం తీసింది.

మర్నాడు ఐదింటికే ఇల్లంతా లేచింది, ఎవరికీ పని లేకపోయినా. పదింటికి స్కూలుకి రమ్మన్నారు. పిల్లల తల్లిదండ్రులు కూడా వస్తారట. వాళ్ళేమన్నా పడాల్సిందే, పడాలి కూడా. లైసెన్సు తిరిగిచ్చేస్తానని తండ్రి తనంతట తనే అన్నాడు. తల్లి అలవాటు కొద్దీ రెండు క్యారేజీలు కడిగి, వాటి ముందు కూర్చుని ఊరికే చూస్తోంది.

బుల్లి ఐఫోన్‌ని డబ్బాలో పెట్టి బ్యాగులో వేసుకుంది. "దీన్ని షాపులో తిరిగిచ్చేస్తాను. నీకు ఆండ్రాయిడే నప్పుతుంది. నీ పాతదానికి కొత్త బ్యాటరీ వేయిస్తాను" అంది. ఏడాదిగా ప్రతి కొనేవాణ్ణీ ముందుగా అడిగే 'మీ అవసరమేమిటి' అన్న ప్రశ్నని ఇంట్లోవాణ్ణి ఒక్కసారి కూడా అడగలేదని ఆమెకి సిగ్గుగా ఉంది. "ఆ స్కూలు మూల తీసేసి, టైం చెప్పేది పెట్టనా?"

ఆయన బొటనవేలితో ఆ మూలని కాసేపు నిమిరాడు. "ఇవాళ్టికి ఉండనీ. రేపు తీసెయ్" అన్నాడు. తర్వాత అలవాటు కొద్దీ, "టైమెంతయిందే?" అని అడిగి, నాలుక కరుచుకున్నాడు.

"ఐదూ నలభై నాన్నా."

బస్సు తీసే వేళ. బుల్లి ఆయన ఎదురుగా కింద కూర్చుంది. ఆయన మొహం మెల్లగా కిటికీ వైపు తిప్పుకుని అలాగే ఉండిపోయాడు. బుల్లి కదల్లేదు, ఆయన చూసినంతసేపూ చూడనిచ్చింది.

"కమ్మలు పెట్టుకోలేదేమే ఇవాళ?" అన్నాడు.