ముసాంబరం పూసిన వేలు

జొన్నపిండి తడుపుతున్న లిడియా వాకిట్లోకి తొంగి చూసింది. అరుగు మీద అత్త ఎలిశిబా ఐదేళ్ల నవోమిని మోకాళ్ల మధ్య అదిమిపెట్టి, కుడి బొటనవేలికి ముసాంబరం పూస్తోంది. పాలు మాన్పించడానికి తల్లులు రొమ్ముకు రాసుకునే చేదు అది. పైన గుడ్డ పీలికతో కట్టు కూడా బిగించింది. నిన్నటి కట్టుకే వేలు ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది.

లిడియాకు ఒళ్లు మండింది. వారం రోజులుగా ఇదే వరస. ఎలిశిబా ఊరూరా తిరిగి బైబిలు కథలు చెప్పే మనిషి. కౌడిపల్లిలో పరాయి పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దాడుతుందట, సొంత మనవరాలికి మాత్రం ఈ శిక్ష! ఆదివారం చర్చిలో యేసమ్మ, పిల్లకు ఎత్తుపళ్లు వస్తున్నాయే అని ఒక్క మాట అంది. దాంతో ఈవిడ పరువు గంగలో కలిసిపోయింది.

పళ్ల సంగతి లిడియాకు మాత్రం పట్టలేదా? రెండేళ్లకే వేలు చీకడం మానేసిన పిల్ల మొన్న ఎండాకాలంలో మళ్లీ మొదలుపెట్టింది. ముందరి పాలపళ్లు ముందుకు జరుగుతున్నాయి. దవాఖానాకు తీసుకెళ్లింది తనే. ఏడాదిలో అసలు పళ్లు వస్తాయి, ఆలోగా మాన్పించాలి, కానీ కొట్టి, కట్టి కాదు, ఏ బెంగతో పెట్టుకుంటోందో అడగమని చెప్పింది అక్కడి నర్సు. ఇంట్లో ఆ మాట చెవిన పెట్టిందెవరు?

వెళ్లి పిల్లను లాక్కుని కట్టు విప్పేసింది.

"ఇగ దీని వేలు ముడితె నేను ఊకోను అత్తమ్మా. పసిదాన్ని గిట్ల సతాయిస్తరా?"

ఎలిశిబా తగ్గలేదు. తాను పెంచిన నలుగురిలో ఒక్కరికీ ఈ పాడు అలవాటు లేదనీ, తల్లి గారాబమే దీన్ని చెడగొట్టిందనీ దులిపేసింది. పాఠాలు చెప్పడానికి బడికి బయల్దేరుతున్న ఏలీయా తల్లికీ భార్యకూ మధ్య నిలబడి విసుక్కున్నాడు.

"రజాకార్లు పోయి నెల దాటింది. మనింట్ల లడాయి మాత్రం వోతలేదు."

నవోమి తండ్రి మొహంలోకి చూసింది.

"పోయిన్రా? నాకెవ్వరు చెప్పలే."

"ఎందుకు బిడ్డా, చెప్తే ఏం జేస్తుంటివి?" అంది లిడియా.

"వేలు తీస్తుంటి. వాళ్లు పోయేదాక తియ్యకన్నది గద నాయనమ్మ."

ఎలిశిబా చేతిలోని ముసాంబరం కింద పెట్టేసింది. ఎండాకాలంలో ఏలీయాను పట్టుకుపోవడానికి రజాకార్లు ఇంటి మీద పడ్డ రోజున లిడియా తూప్రాన్‌లో పుట్టింట్లో ఉంది. పిల్లతో కట్టెల కొట్టంలో దాక్కున్నది ఎలిశిబాయే. ఏడుపు అందుకోబోతున్న పిల్ల నోట్లో దాని వేలే పెట్టి, ఆ మాట చెప్పిందీ ఆమే. తర్వాత, పాప జడుసుకుంటుందని ఇంట్లో పెద్దలంతా రజాకార్ల పేరెత్తడమే మానేశారు. ఇక వాళ్లు పోయారని దానికెలా తెలుస్తుంది?

లిడియా కోపం దిగకపోగా రెట్టింపైంది.

"ఐదు నెలల సంది మీ మాటే వట్టుకొని ఉన్నది అత్తమ్మా. గందుకా మీరు దానికి చేదు వూసింది?"

ఎలిశిబా కొంగు తడుపుకొచ్చి, ఒరుసుకున్న చోట నొప్పి తగలకుండా మనవరాలి వేలు తుడిచింది.

"తప్పు నాదే బిడ్డా. వాళ్లు పోయిన్రు. నీ ఇష్టమున్నప్పుడే తియ్యి, నేనేమనను."

"మల్ల వస్తే?"

ముసలామె పిల్లను గుండెకు అదుముకుంది.

"వస్తే నాకు అడ్డంవడే బలమున్నది. నువ్వు మాత్రం గట్టిగ ఏడువు తల్లీ. ఇగ నీ నోరు ఎవ్వరు ముయ్యరు."

అత్తను అనడానికి లిడియా దగ్గర ఇంకా చాలా మాటలున్నాయి. అయినా పిండి చేతులతోనే కళ్లు తుడుచుకుంటూ వెళ్లి అత్త పక్కన కూర్చుంది.