పురిటింటి సాలీడు

పిల్లలూ, ముందు కాళ్ళు ఆడించడం మానండి. నిలకడ లేనివాళ్ళకు కథ చెప్పడం నా వల్ల కాదు. పైగా ఇది నిలకడ లేని ఊరి కథ. మీరూ ఊగుతూ, కథలోవాళ్ళూ ఊగుతూ ఉంటే నాకు తల తిరుగుతుంది.

నల్లకొండలకు అవతల నేరేడుకోట అనే రాజ్యం ఉండేది. ఒక వానాకాలం నుంచి అక్కడ ఎవరికీ కంటిమీద కునుకు లేదు. కారణం ఒక సాలీడు. మొదట్లో అది కందిగింజంత ఉందట. తర్వాత అరచేయంత అయింది, ఆ తర్వాత చేటంత అయింది, చివరికి బండిచక్రమంత అయి కూర్చుంది. అది ఎవరినీ కరవలేదు. అయినా నెత్తిమీద బండిచక్రమంత సాలీడు వేలాడుతుంటే మీరు పడుకోగలరేమో చెప్పండి.

నేరేడుకోటవాళ్ళకు ఒక అలవాటు ఉంది. ఇంట్లో పురుగు కనబడితే చంపరు, పాపం అంటారు. బూజుకర్రతో తోసుకుంటూ వెళ్ళి, పిట్టగోడ దాటించి పక్కింట్లో పడేస్తారు. పక్కింటివాళ్ళు దాన్ని ఆ పక్కింట్లోకి తోస్తారు. సాలీడు రాజుగారి పడకగదిలో దూరితే సేనాపతి దాన్ని ఈటెలతో అదిలించి మంత్రిగారి మేడలోకి పంపాడు. మంత్రిగారు మాత్రం ఊరుకుంటారా, సాయంత్రానికల్లా అది పురోహితుడి వంటింట్లో ఉంది.

ఆ ఊళ్ళోనే గంగులప్ప అని నులకమంచాలు అల్లే అతను ఉండేవాడు. పడుకునేవాళ్ళే లేని ఊళ్ళో మంచాలెవరికి కావాలి? సగం అల్లిన మంచం వాకిట్లో అలాగే పడి ఉంది. అతని భార్య అక్కమ్మకు అప్పుడే ఆడపిల్ల పుట్టింది. పెద్దకూతురు చెంగల్వ. ఈ కథ ఆ పిల్లదే.

పురుడు వచ్చిన మర్నాడే సాలీడు వాళ్ళింట్లోకి వచ్చి, తల్లీబిడ్డలున్న గది గుమ్మం మీద మకాం పెట్టింది. దాని కాళ్ళు కిందికి వేలాడి గడపకు తగులుతున్నాయి. గంగులప్ప బూజుకర్ర అందుకున్నాడు. మంత్రసాని చెన్నమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"పురిటింట్లో కర్రెత్తుతావా? పైనున్న దుమ్మంతా పసిగుడ్డు మీద పడదూ? పురుడు వెళ్ళేదాకా చీపురు కూడా నడుం పైకి లేవకూడదు. నీకు తెలీదా?"

ఆ ఆచారం రాజుకూ తెలుసు. వీరకంఠీరవుడనే ఆ రాజు నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళతో స్వయంగా వచ్చి చూసి, "పురుడు వెళ్ళే రోజు పొద్దున్నే సైన్యంతో వస్తాను. ఈసారి దీన్ని పొలిమేర దాటేదాకా తరిమిస్తాను" అని చెప్పి వెళ్ళాడు.

చెంగల్వకు ఒకటే బెంగ. అది కిందికి దిగితే? చెల్లెలి మీద పడితే? అటూ ఇటూ తిరిగింది, కూర్చుంది, లేచింది. చివరికి చెన్నమ్మనే అడిగింది.

"ఇది మామూలు పురుగు కాదే పిల్లా" అంది చెన్నమ్మ. "ఎవరో మంత్రం వేశారు. ఏటికవతల చీకటికోనలో కుంభోదరి అనే రాక్షసి ఉంది. ఇట్లాంటి విద్యలు దానికే తెలుసు."

చెంగల్వ గుమ్మంలోంచే తల్లిని చూసింది. పైకి చూడాలంటే భయం. "అమ్మా, పురుడు వెళ్ళేలోగా వచ్చేస్తాను. చెల్లిని నీ కొంగు కిందే పెట్టుకో" అని చెప్పి, గుప్పెడు అటుకులు మూటగట్టుకుని బయల్దేరింది.

ఏటి ఒడ్డున పడవ లేదు. ఇసుకలో బల్లపరుపు బండ ఒకటి కనబడితే దాని మీదకెక్కింది. ఆ బండ తల బయటికి పెట్టి ఆవలించింది. అది తాబేలు.

"అవతలికి పోవాలా? తీసుకుపోతాను. కానీ మధ్యలో మెదిలావంటే ముంచేస్తాను. నాకు చక్కిలిగింత" అంది.

చెంగల్వ సరేనంది. కానీ నాలుగు బారలు పోయేసరికి పొద్దెక్కడుందోనని తల తిప్పింది. బుడుంగున మునిగి, ముక్కునిండా నీళ్ళతో ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మళ్ళీ ఎక్కింది. ఈసారి కాలు ఊపింది, మళ్ళీ మునిగింది. ఆమెకు ఏడుపొచ్చింది. ఇంటి దగ్గర చెల్లి ఏం చేస్తుంటుంది? తల్లి పొట్టమీద చెవి ఆనించి పడుకుని ఉంటుంది. తల్లి ఊపిరి పీలిస్తే తనూ లేస్తూ, వదిలితే తనూ దిగుతూ ఉంటుంది. చెంగల్వ తాబేలు మీద బోర్లా పడుకుని, దాని ఊపిరికి తన ఊపిరి కలిపింది. కళ్ళు తెరిచేసరికి అవతలి ఒడ్డు వచ్చేసింది.

"మీ ఊరివాళ్ళు ఇంతవరకు ఒక్కరూ దాటలేదు" అంది తాబేలు. "వాళ్ళకు కుదురుగా కూర్చోవడం రాదు."

అడవి మొదట్లో ఒక ముని ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. చెంగల్వ దణ్ణం పెట్టి, "స్వామీ, మీ తపస్సుకు అడ్డొచ్చానా?" అంది.

"తపస్సా, నా మొహమా" అన్నాడు ముని చిరాగ్గా. "కాలెత్తి ముల్లు తీసుకుంటున్నాను. ఇంతలో ఈ తీతువుపిట్ట వచ్చి ఆ కాలు తీసిన చోటే గుడ్లు పెట్టింది. ఇప్పుడు కాలెక్కడ దించను? చూసినవాళ్ళందరూ దణ్ణాలు పెడుతున్నారుగానీ, నీళ్ళిచ్చేవాడు ఒక్కడు లేడు."

చెంగల్వ ఆకుదొన్నెలో నీళ్ళు తెచ్చి తాగించింది. ఒక రాయి దొర్లించుకొచ్చి, గుడ్లకు పక్కగా వేసి, ఆయన పాదం దాని మీద పెట్టింది. ముని హమ్మయ్య అని నిట్టూర్చాడు.

"స్వామీ, గుడ్లను కాస్త పక్కకు జరిపితే సరిపోయేది కదా?"

"జరిపితే పిట్ట మళ్ళీ వాటి దగ్గరికి రాదమ్మా. చోటు మారితే దానికి బెదురు" అని, ముని ఆమెకు కోన దారి చూపించాడు.

రోజుల తరబడి నడిచి గుహ దగ్గరికి చేరేసరికి వాన కుండపోతగా కురుస్తోంది. కుంభోదరి లోపల నెగడు ముందు కూర్చుని ఉంది. ఆమె కోర ఒకటి కిందికి దిగి ఉంది. ఆ కోరను చెంగల్వ ఎక్కడో చూసింది.

"లోపలికి రానా అవ్వా? తడిసిపోతున్నాను."

"పక్కింట్లో అడుగు" అంది రాక్షసి.

చెంగల్వ అక్కడే ఆగిపోయింది. ఆ మాట తనదే. పోయిన వానాకాలం ఒక ముసలమ్మ తడిసి ముద్దయి తమ గుమ్మంలో నిలబడింది. ముక్కు మీదుగా కొంగు కప్పుకున్నా ఒక పన్ను కనబడుతూనే ఉంది. అమ్మ పనిలో ఉంటే తలుపు తీసింది చెంగల్వే. పక్కింట్లో అడగవ్వా, అని తలుపు వేసేసింది.

"గుర్తొచ్చిందా?" అంది కుంభోదరి. "నీ తర్వాత ఊరంతా అదే మాట. కోట చివరిదాకా నడిచాను. చివరింటి చూరులో కందిగింజంత సాలీడు వాన చుక్కలకు వణుకుతూ ఉంది. దానికి మంత్రం వేశాను. తరిమినప్పుడల్లా పెరుగుతుంది, తరమనిచోట తరుగుతుంది. ఆ ఊళ్ళో తరమని ఇల్లు దానికి ఇంతవరకు దొరకలేదు."

చెంగల్వ వానలోనే మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. "తప్పు చేశానవ్వా. నాకు సిగ్గుగా ఉంది" అంది. కాసేపటికి ఉలిక్కిపడి లేచింది. "దొరికింది అవ్వా. మా ఇల్లు. పురిటిల్లని ఎవరూ కర్రెత్తలేదు. కానీ పురుడు వెళ్ళే రోజు సైన్యమంతా వచ్చి తరుముతారు. అంతమంది ఒక్కసారి తరిమితే?"

"కప్పు లేచిపోతుంది" అంది కుంభోదరి. "మంత్రం నేను కూడా వెనక్కి తీసుకోలేను. పరుగెత్తు."

చెంగల్వ పరుగెత్తింది. ముళ్ళు గుచ్చుకున్నా ఆగలేదు. తీతువు పిల్లల్ని చూడమని ముని పిలుస్తున్నా ఆగలేదు. ఏటి దగ్గర మాత్రం గుండె దడదడలాడుతుంటే తాబేలు మీద బోర్లా పడుకుని మెదలకుండా ఉంది. అన్నిటికన్నా కష్టమైన పని అదే.

ఊరు చేరేసరికి వాకిట్లో సైన్యం నిలబడి ఉంది. అందరి చేతుల్లో పొడుగాటి వెదురుగడలు. అటు చూసే ధైర్యం లేక సగంమంది మొహాలు తిప్పుకున్నారు. చెంగల్వ వాళ్ళ మధ్యలోంచి దూరి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకో పిల్లా" అన్నాడు రాజు.

"తరమకండి మహారాజా. తరిమితేనే పెరుగుతుంది. వదిలేస్తే తగ్గుతుంది. ఒక్కసారి చూడండి."

అప్పుడు అందరూ పైకి చూశారు. బండిచక్రమంత ఉండాల్సిన సాలీడు చేటంతే ఉంది. తల దించుకుని ఆ గుమ్మం దాటినవాళ్ళెవరూ అది గమనించలేదు.

లోపల్నుంచి అక్కమ్మ గొంతు వినబడింది. "నిజమే దొరా. నేను పడుకుని దాన్నే చూస్తున్నా. రోజురోజుకీ కాళ్ళు పైకి పోతున్నాయి."

రాజు తటపటాయించాడు. కానీ నిద్రలేని సేనాపతికి ఓపిక లేదు. గడ ఎత్తి ఒక్క పోటు పొడిచాడు. సాలీడు గిర్రున తిరిగి కప్పుకెక్కింది. అందరూ చూస్తుండగానే మళ్ళీ బండిచక్రమంత అయింది. పెంకులు జారి పడ్డాయి. లోపల పసిపాప గుక్కపట్టింది.

"గడలు దించండి" అన్నాడు రాజు.

సాలీడు సందుకోసం వెతుకుతూ చెంగల్వ నెత్తి మీదికే వచ్చింది. దాని వెంట్రుకల కాలు ఒకటి ఆమె చెంపకు తగిలింది. ఆమె కళ్ళు మూసుకుంది, పక్కకు మాత్రం జరగలేదు.

"ఎక్కడికీ పోనక్కర్లేదు. ఇక్కడే ఉండు" అంది.

సాలీడు ఆగింది. మెల్లగా తన పాత చోటికి పోయి కాళ్ళు ముడుచుకుంది.

ఇక చేయగలిగింది ఏముంది, కనిపెట్టుకుని ఉండడమే. రాజు సగం అల్లిన నులకమంచం మీద కూర్చున్నాడు. సైనికులు గోడవారగా చతికిలబడ్డారు. ఊరంతా వచ్చి వాకిట్లో కూర్చుంది. కూర్చోవడం మరిచిపోయిన ఊరు కదా, కూర్చోగానే కళ్ళు మూతలుపడ్డాయి. మిట్టమధ్యాహ్నం రాజుగారి గురక వీధి చివరిదాకా వినబడింది.

తరమకపోవడమే కాదు, ఈసారి ఉండమన్నారు కదా, మర్నాడు వాళ్ళు లేచేసరికి గుమ్మం మూల కందిగింజంత సాలీడు గూడు అల్లుకుంటోంది. సన్నగా వాన మొదలైంది. వీధిలోంచి ఒక ముసలమ్మ తడుస్తూ వచ్చి ఆ గుమ్మం ముందు ఆగింది. కొంగు చాటునుంచి ఒక పన్ను బయటికి కనబడుతోంది. ఆమె ఏమీ అడగలేదు.

చెంగల్వ తలుపు బార్లా తెరిచింది. "లోపలికి రా అవ్వా. చెల్లికి ఈరోజే ఉయ్యాల వేస్తున్నాం" అంది.

ముసలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి అడుగుపెట్టింది. ఉయ్యాల మొదటి ఊపు ఆమెదే.

ఆ తర్వాత రాజు కోటతలుపు తాళంచెవి చెంగల్వకు ఇచ్చాడు. పొద్దుగూకాక వచ్చే బాటసారులకు తలుపు తీయడం ఇకనుంచి ఆమె అధికారం. గంగులప్పకు మంచాలు అల్లడానికి చేతులు చాల్లేదు. నేరేడుకోటలో ఇప్పటికీ పండగకు ఇల్లంతా బూజు దులిపినా ఒక్క మూల మాత్రం వదిలేస్తారు. మీ ఇంట్లో ఆ మూల ఎక్కడుందో రేపు చూడండి. ఇప్పుడు పడుకోండి, కథ కూడా పడుకుంది.