ఉప్పు కొటారులో చెయ్యి

బారువ దాటాక సముద్రం వారనే పోయే ఇసక దారిలో పాత ఉప్పు కొటారు ఒకటుంది. దొరల కాలంలో ఉప్పు నిల్వ చేసేవారట. ఇప్పుడు సగం కప్పే మిగిలింది. పొద్దుగూకాక అందులో అడుగుపెడితే ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుంటారని ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు. ఎవరో ఏమిటి, ఆడదేనట! మా ఉద్దానం ఊళ్లలో ఇంటింటా మగాళ్లు కిడ్నీలు పాడై రాలిపోతున్నారు. ఒక్కడూ దెయ్యం కాడు. ఆ చాకిరీ కూడా ఆడదే చెయ్యాలి మరి.

దీప్తి చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నమ్మేవాళ్లు నమ్మండి.

దీప్తిది కవిటి. మొగుడు ఉమామహేష్‌కి మొదట కాళ్లూ చేతులూ ఉబ్బాయి; ఇప్పుడు రోజు విడిచి రోజు పలాసలో డయాలసిస్. సూదులు గుచ్చడానికి ఎడమ ముంజేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. అక్కడ చెవి ఆనిస్తే లోపల హోరు వినపడుతుంది — గుప్పిట్లో తుమ్మెదను మూసినట్టు. ఆ హోరు ఉంటేనే డయాలసిస్. ఆగిందా... మనిషి ఆగినట్టే. రోజూ సాయంత్రం దీప్తి ఆ చేతికి చెవి ఆనించి, "ఆడతంది" అంటుంది. ఆ తర్వాతే పొయ్యి వెలిగిస్తుంది.

"ఎక్కడెక్కడోల్లో కార్లేసుకొచ్చి మన ఊళ్లు సూసి పోతన్నారు. నాను సూసింది ఆసుపత్రి కప్పే," అన్నాడొకరోజు ఉమామహేష్.

కార్తీక మాసం. డయాలసిస్ లేని రోజు చూసుకుని దీప్తి ఆటో మాట్లాడింది. తోలేది బాబ్జీ, ఆమె చిన్నాన్న కొడుకు.

మందసలో వాసుదేవుడి గుడి చుట్టూ తిరిగి రాతి చెక్కడాలు చూశారు. రావివలసలో ఎండల మల్లికార్జునుడికి దండం పెట్టి, "ఇంత పెద్ద దేవుడివి, నెత్తిన నీడ నేదేటయ్యా?" అని ఉమామహేష్ పరాచికమాడాడు. తేలినీలాపురంలో చెట్ల నిండా పక్షులు. గూడబాతు ముక్కు కింద వేలాడే సంచీ చూసి వాడి కళ్లు అక్కడే ఉండిపోయాయి.

"దానికెంత సంచీ ఇచ్చాడే దేవుడు! కడివెడు నీళ్లు తాగినా అడిగీవోడు నేడు."

"నీకు గుక్కెడే అన్నాడు డాట్రు. పద," అంది దీప్తి. నవ్వుకున్నారు. ఆ ఇద్దరూ కలిసి నవ్వి ఎన్నాళ్లయిందో.

బారువ చేరేసరికి పొద్దు వాలింది. సముద్రం చూసి, దగ్గరి దారని బాబ్జీ ఇసకలోకి తిప్పాడు. వాన అందుకుంది. ఆటో చక్రం దిగబడింది... సరిగ్గా కొటారు ఎదురుగా.

"నువ్వు తడవకు. లోపల కూకో," అంది దీప్తి. తనేమో కొంగు బిగించి ఆటో వెనక్కి పోయింది.

బాబ్జీ గబగబా అద్దానికి కట్టిన నల్లతాడు విప్పాడు. "ఇది కట్టుకోకుండా ఎల్లకు బావా. అది ఎడం సెయ్యే పడతాదంట." చొక్కా మీదనుంచే, మోచేతి పైన, రెండు ముళ్లేసి బిగించాడు.

ఆ చేతికి వాచీ కూడా పెట్టొద్దని, బిగిస్తే హోరు ఆగిపోతుందని నర్సులు వందసార్లు చెప్పారు. అప్పుడు ఉమామహేష్‌కి నర్సులు గుర్తు రాలేదు. దెయ్యం ఒక్కటే గుర్తుంది.

లోపల చీకటి. తేమకి గోడలు చెమర్చి ఉన్నాయి. ఓ మూల చతికిలబడ్డాడు. బయట దీప్తి, బాబ్జీ ఆటోని తోస్తూ కేకలేస్తున్నారు. వాన... కేకలు... వాన...

ఎడమ మణికట్టు మీద చల్లని వేళ్లు పడ్డాయి.

"వచ్చీసినావేటే?" అన్నాడు.

ముంజేతికి ఒక చెవి ఆనింది. తడి జుట్టు తగిలింది. చాలాసేపు అలాగే ఉంది — ఊపిరి కూడా తీసుకోకుండా.

"నేదు..." గుసగుస.

"ఏటి నేదు?"

వేళ్లు పైకి పాకాయి. మోచెయ్యి దాటి తాడు దగ్గర ఆగాయి. ఆ చోట పళ్లు ఆనాయి. ఫట్‌మని తెగింది.

మళ్లీ చెవి.

"ఆడతంది..."

అదే క్షణాన — బయటినుంచి దీప్తి కేక. "ఏమయ్యా! బండి లేచింది, రా!"

ఎలా బయటపడ్డాడో వాడికే తెలీదు. జరిగింది వినగానే దీప్తి ముందు ఆ చెయ్యి లాక్కుని చెవి ఆనించింది. హోరు ఉంది. మోచేతి పైన ఎర్రగా వాత తేలింది. అప్పుడు తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరే గాడిదా! దెయ్యం ఒగ్గీసినా నువ్వు సంపీసేవోడివి కదరా!"

లోపల ఎవరో ముసలమ్మ తలదాచుకుందనుకుంది దీప్తి. మొగుణ్ణి కాపాడిన మనిషిని వానలో వదిలేసి పోవడానికి మనసొప్పలేదు. ఫోను లైటు వేసి లోపలికి వెళ్లింది. నాలుగు మూలలా చూసింది. ఉప్పు తిన్న గోడలు. ఎవరూ లేరు.

లైటు ఆర్పి గుమ్మంలోకి వచ్చింది.

వెనకనుంచి... ఆమె మణికట్టు పట్టుకున్నారు.

ఒక వేలు గాజును తిప్పబోయింది. తిరగలేదు. ఇంకో గాజు పట్టుకుంది. అదీ కదల్లేదు. దసరాకి వదులుగా ఎక్కించుకున్న గాజులవి.

"బిగుసుకుపోనాయి..." చెవి పక్కనే గుసగుస. "నువ్వూ సూపించుకో, తల్లీ."

చెయ్యి వదిలేసింది.

ఇదంతా దీప్తి నాకు చెప్పింది పలాసలో, ఆసుపత్రి బెంచీ మీద. మా తోటికోడల్ని తీసుకెళ్లి అక్కడ కూర్చున్నాను. నా నోరు ఊరుకోదు కదా!

"ఎవరో ముసల్దే అయ్యుంటాది. మూల నక్కి ఉంటే నీ ఫోను లైటుకి ఏం కనబడతాది? దెయ్యానికి నీ గాజులతో పనేటే?" అన్నాను.

దీప్తి తన గాజు తిప్పబోయింది. కదల్లేదు.

రక్తం తీసే గదిలోంచి నర్సు ఓ పేరు పిలిచింది. ఉమామహేష్ పేరు కాదు.

దీప్తి లేచి, జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుంటూ లోపలికి వెళ్లింది.