దించకూడని పాత ఆయిలు

హిందూపురంలో పాత కార్ల గురించి నౌషాద్‌తో వాదానికి దిగి నెగ్గినవాడు లేడు. పెనుకొండ రోడ్డులో రేకుల షెడ్డు అతనిది, వెనకాలే ఇల్లు. "కొత్త బండ్లకు పోసే పల్చటి ఆయిలు పాత ఇంజనుకు పోస్తే సీళ్ల సందుల్లోంచి కారిపోతాది. దీనికి చిక్కంది పోయల్ల" అని వచ్చినవాళ్లందరికీ పాఠం చెప్పేవాడు.

ధర్మవరం పట్టుచీరల వ్యాపారి వీరభద్రయ్య, తండ్రి వాడిన అంబాసిడర్‌ను ఆయిలు మార్చమని షెడ్డులో వదిలిపోతూ ఒక్క మాట చెప్పాడు.

"ఏమప్పా నౌషాదూ, ఏ ఆయిలు పోస్తావో నీ ఇష్టం. పాతది మాత్రం మొత్తం దించొద్దు. గ్లాసెడు లోపలే ఉండనీ. మా నాయన ఎప్పుడూ అట్లే చేసేవాడు."

"ఏమన్నా, పెరుగుకు తోడు పెట్టినట్లా?" నౌషాద్ నవ్వాడు.

వీరభద్రయ్య నవ్వలేదు. "ఎందుకో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు."

కడగని కుండలో కొత్త బియ్యం ఎవరన్నా పోస్తారా? నౌషాద్‌కు పని దగ్గర పౌరుషమెక్కువ. మరునాడు మధ్యాహ్నం ఇంజన్ కడిగే మందు పోసి, కాసేపు బండి ఆన్‌లో ఉంచి, అడుగున బోల్టు విప్పాడు. నల్లటి మడ్డి తాపీగా దిగింది. చివరి చుక్క దాకా దించేశాడు. అలవాటు కొద్దీ ఆ మడ్డిని వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. మాడిన వాసన రాలేదు. కర్పూరం, తడిగుడ్డ... శవానికి స్నానం చేయించిన గదిలో వచ్చే వాసన.

అయినా మొదలుపెట్టిన పని ఆపలేదు. చిక్కటి ఆయిలు పోశాడు. ఇంజను లోపల ఆడే ట్యాపెట్లు అరగకుండా జింకు మందు కలిపాడు. బండి స్టార్ట్ చేసి, స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. లోపలి చప్పుడు వినడానికి మెకానిక్కులు అట్లాగే చేస్తారు. ఇంజను మెత్తగా, వెన్నలా ఆడుతోంది. తృప్తిగా చెయ్యి చాపి ఆఫ్ చేశాడు. పిడి ఇంకా చెవి దగ్గరే ఉంది.

లోపల ఎవరో ఊపిరి తీశారు.

"ఎవురు... కడిగింది?"

స్క్రూడ్రైవర్ కిందపడింది. నౌషాద్ గోడకు అతుక్కుపోయాడు. సరిగ్గా అప్పుడే ఇంటి గుమ్మంలోంచి భార్య ఆయేషా పిలిచింది. కడుపు పట్టుకుని నిలబడి ఉంది.

"ఇదో... పొద్దున్నుంచి బిడ్డ కదల్లేదు."

ఎనిమిదో నెల. ఇంతకుముందు రెండు కాన్పుల బిడ్డలూ మట్టిలో కలిసిపోయారు. ఫోన్ చేస్తే అంబులెన్సు రావడానికి ఆలస్యమవుతుందన్నారు. షెడ్డులో నడిచే బండి అదొక్కటే. కడుపులో బిడ్డ కంటే దెయ్యం భయం ఎక్కువా? ఆయేషాను వెనక సీట్లో పడుకోబెట్టి పుట్టపర్తి ఆసుపత్రికి బయల్దేరాడు.

పొద్దు వాలుతుండగా పెనుకొండ దాటారు. కారంతా కర్పూరం వాసన. అద్దాలు దించినా పోలేదు. నౌషాద్ వెనక్కి తిరిగి చూడలేదు, దువా చదువుతూనే ఉన్నాడు. కొండ పక్క మలుపులో ఇంజను ఆగిపోయింది. దగ్గు లేదు, కుదుపు లేదు. మెల్లగా... నిద్రపోయినట్టు ఆగింది.

బానెట్ ఎత్తాడు. ఆయిలు సరిగ్గానే ఉంది. డిక్కీలోని స్క్రూడ్రైవర్ తీసి ఇంజనుకు ఆనించి విన్నాడు.

ఊపిరి లేదు. గుసగుస లేదు. ఇంజను ఖాళీ డబ్బాలా ఉంది.

ఆ ఊపిరి తీసిందేదో లోపలే ఉండి ఉంటే బాగుండునని అతనికి మొదటిసారి అనిపించింది. ఇందులో లేకపోతే... యాడికి పోయింది?

"ఇదో! బిడ్డ కదిలింది!" వెనక సీట్లోంచి ఆయేషా కేక.

పరుగెత్తాడు. సంతోషంతో ఏడుపు తన్నుకొచ్చింది. ఆమె అతని చెయ్యి లాగి కడుపు మీద పెట్టుకుంది. నిజమే. చర్మం కింద కదలిక. అది మెల్లగా జరిగి అతని అరచేతి కిందికి వచ్చి ఆగింది. ఒక్కొక్క వేలూ విప్పుకుని... అతని వేలికి వేలు ఆనించింది.

లోపలి చెయ్యి అతని చేతికంటే చిన్నది కాదు.

ఆయేషా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "ఎంత బలముండాదో చూడు. ఇంక ఇంటికి పోదామా?"