కుక్క వాటా మిగిలింది

డిసెంబర్ 24. మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలు.

భోజనాల గదిలో పళ్ళెం దాదాపు ఖాళీ. రెండు తెల్ల పండగరేకులు మాయం. గులాబీ రంగుది ఒక్కటే మిగిలింది.

ఇన్‌స్పెక్టర్ తెయోఫిల్ వ్రోనా పళ్ళెం ముందు నిలబడిపోయాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో హత్యలు చూశాడు, దోపిడీలు చూశాడు. ఇంత చిన్న దొంగతనానికి ఇంత గాభరా ఎన్నడూ పడలేదు.

రేకంటే ఎంత? పూతరేకంత పలుచన, చప్పటి పిండి. కానీ క్రిస్మస్ ముందురాత్రి తొలి చుక్క పొడవగానే ఒకరి రేకు ఒకరు విరవాలి. కళ్ళలోకి చూసి, ఏడాదిలో చేసిన తప్పులకు క్షమాపణ అడగాలి. అంతవరకూ ఎవరూ ముద్ద ముట్టరు. గులాబీది ఇంట్లో మూగజీవాలకు.

ఈ రేకులు వార్సా నుంచి అక్క సబీనా పంపింది. స్టేషన్ అడ్రసుకు పంపింది, తమ్ముడు పండగపూట కూడా డ్యూటీలో ఉంటాడనుకుని కాబోలు. ఆ తమ్ముడేమో ఐదు గంటల ప్రయాణం దూరాన, ఈ కొండల్లో, మంచు కనబడే గది తీసుకుని కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అక్క ఇంట కాని పండగ ఇదే మొదటిది. అక్క రేకైనా విరిస్తే తప్పు కాస్త తగ్గుతుందనుకున్నాడు.

"తలుపులు వేయండి. ఎవరూ బయటికి వెళ్ళొద్దు."

"అయ్యో, రేకులే కదండీ!" అంది అద్దెగదుల యజమానురాలు ఆగాతా. చేతుల నిండా పిండి, వెనక పొయ్యి మీద చేప వేగుతోంది. "బీరువాలో నావి కట్టలకు కట్టలున్నాయి. కావలసినన్ని తీసుకోండి."

"నాకు మా అక్క పంపినవే కావాలి. ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"మూడు గంటలకు. మీ ఆవిడ పళ్ళెంలో సర్దుతోంది."

"ఆ తర్వాత ఈ గదిలోకి వచ్చారా?"

"చేపని వదిలి ఎక్కడికి వస్తాను? మాడితే మీరే తిడతారు."

రెండో మనిషి ఎర్నెస్ట్. రిటైరైన రైలు గార్డు, పక్కగది అతిథి. మూడింటి నుంచీ కిటికీకి అతుక్కుపోయి చుక్క కోసం చూస్తున్నాడు.

"మీరే తిన్నారా?"

"పొద్దుట్నుంచీ ఉపవాసం బాబూ. తినాలనిపించింది, అబద్ధమెందుకు? తినలేదు. నేను తింటే ఆ గులాబీది మాత్రం ఎందుకు వదులుతాను? ఆకలికి రంగులుంటాయా?"

తెయోఫిల్ పెన్సిల్ ఆగింది.

"ఇంతకీ మీ అక్కగారు పండక్కి ఎవరి దగ్గర?" అన్నాడు ఎర్నెస్ట్.

"కూతురూ అల్లుడూ వస్తారు. ఇల్లంతా సందడే."

ఎవరూ అడగని సందడి కూడా కలిపి చెప్పాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది.

3 గంటల 35 నిమిషాలు. భార్య లిగియా కుక్కను తిప్పి లోపలికి వచ్చింది. కుక్క పేరు ఫిగా.

"ఎన్నింటికి వెళ్ళావు?"

"నన్ను కూడా ప్రశ్నిస్తున్నావా? మూడూ పదికి."

"రేకులు ఉన్నాయా అప్పటికి?"

"చూడలేదు. ఆవిడవి వాడుకుందాంలే తెయోఫిల్. ఏ రేకైతేనేం?"

ఆ మాట అన్నప్పుడు ఆమె అతని వైపు చూడలేదు. కుక్క మెడపట్టీనే చూస్తోంది.

3 గంటల 55 నిమిషాలు. అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆగాతా గారికి అవసరం లేదు. బీరువా నిండా ఉన్నాయి. ఎర్నెస్ట్ గారు తింటే మూడూ తినేవారు. దొంగ తెల్లవే తీశాడు, గులాబీది ముట్టుకోలేదు. ఇందాకటి నుంచీ నా కళ్ళెదుటే ఉంది, నేనే చూడలేదు. కుక్కని ఎవరూ క్షమాపణ అడగక్కర్లేదు. మనిషిని అడగాలి. దొంగకి భయం రేకంటే కాదు, ఆ అడగడమంటే."

తెయోఫిల్ అక్క పంపిన ఖాళీ కవరు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంకొకటి. మా అక్క మందుల చీటీ వెనక కూడా నాలుగు చీవాట్లు రాయందే ఊరుకోదు. ఈ కవరులో ఉత్తరం లేదు. స్టేషన్ నుంచి తెచ్చాను గానీ, కవరు విప్పింది నేను కాదు. లిగియా, ఉత్తరం ఏది?"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇన్‌స్పెక్టర్ పట్టాడు. పట్టినందుకు సంతోషం మాత్రం లేదు.

లిగియా కోటు జేబులోంచి మడత కాగితం తీసింది. దానిలో రెండు తెల్ల రేకులు, విరగకుండా ఉన్నాయి.

"పన్నెండేళ్ళు ఆవిడింట్లో కజ్జికాయల్లాంటి నా పీరోగీల మడతలు చూసి నవ్వితే పడ్డాను. ఒక్క పండగ మనిద్దరమే ఉందామన్నాను. డ్యూటీ అని చెప్పమన్నదీ నేనే. దార్లో ఇది చదివాక... ఆవిడ పంపిన రేకే విరుస్తూ నీ కళ్ళలోకి చూసి ఏమని అడగను?"

తెయోఫిల్ చదివాడు.

'తమ్ముడూ, డ్యూటీలో ఉంటావు కదా, వేడివేడి సూప్ పంపుదామని స్టేషన్‌కి ఫోన్ చేశాను. సెలవు పెట్టి కొండలకి వెళ్తున్నాడన్నారు. మంచిపనే. లిగియా అలిసిపోయింది, నేను చూడలేదనుకోకు. మా పిల్ల ఈసారి రావడం లేదు. నా గురించి బెంగ వద్దు. రెండు ప్లేట్లు పెట్టాను, ఒకటి నాకు, ఒకటి ఆనవాయితీ ప్రకారం చెప్పకుండా వచ్చే అతిథికి. చలిగా ఉంటుంది, కండువా వేసుకో.'

చీవాటు ఒక్కటీ లేదు.

"చుక్క వచ్చింది!" మళ్ళీ కిటికీ దగ్గరకు చేరిన ఎర్నెస్ట్ అరిచాడు. నోరు జారినందుకు తనే నాలిక కరుచుకున్నాడు.

4 గంటల 8 నిమిషాలు. తెయోఫిల్ అక్కకు ఫోన్ చేశాడు. మొదటి రింగుకే ఎత్తింది.

"ఒరేయ్, నువ్వా! డ్యూటీలో ఉన్నావా?"

ఆమెకు తెలుసు. అయినా అబద్ధాన్ని తనే అందిస్తోంది, తమ్ముడు పట్టుకుని గట్టెక్కమని. ఊ అంటే చాలు.

"లేదక్కా. అబద్ధం చెప్పాను. కొండల్లో ఉన్నాం."

"అబద్ధం నాది వదినా," అంది లిగియా, ఫోన్ దగ్గరకు వంగి. "నన్ను క్షమించు."

అటువైపు కుర్చీ జరిపిన చప్పుడైంది.

"సరే," అంది సబీనా. "సూప్ చల్లారిపోతోంది. తింటాను. పెట్టేయకండి, కాసేపు లైన్లో ఉండండి."

చెంచా ప్లేటుకు తగిలిన చప్పుడు వినిపించింది. ఒక్క చెంచాదే. నిజం చెప్పేస్తే గుండె తేలికవుతుందని ఎంతమంది ముద్దాయిలకు చెప్పాడో తెయోఫిల్. ఇద్దరూ ఫోన్ చెవికి ఆనించుకుని, అక్క తినడం పూర్తయ్యేదాకా, తినకుండా నిలబడ్డారు.